లారీకి దిసారి

మా పాడేరు ఘాట్ రోడ్డు మీద రెండు లారీలు ఒకదాన్నొకటి దాటుకుపోవడం నేను రెండేళ్ళు చూశాను. ఒకటి ఉప్పు, నూనె, సబ్బులు, బిస్కెట్లు వేసుకుని నిండుగా కొండెక్కి, సంత కొట్లకు సరుకు దింపి, ఖాళీగా దిగిపోయేది. రెండోది ఖాళీగా ఎక్కి, రాజ్‌మా గింజల బస్తాలు వేసుకుని దిగేది. రెండూ విశాఖపట్నం నుంచే వచ్చేవి. ఇద్దరు డ్రైవర్లూ మలుపు దగ్గర హారన్ కొట్టుకుని, చెయ్యి ఊపుకుని పోయేవాళ్ళు. మూడో ఏడు నాకు ఒళ్ళు మండింది.

అది రెండు వేల మూడో సంవత్సరం. నాకు ఇరవై రెండేళ్ళు. ఇంటర్ పాసయ్యి, పాడేరులో పూర్ణా పప్పుల కంపెనీ కాటా దగ్గర తూకం రాసే పనిలో ఉన్నాను. పని తాత్కాలికం, నోరు మాత్రం పర్మినెంటు అని మా అమ్మ రత్నాలు అంటూ ఉండేది. నిజమే, ఆ రోజుల్లో నాకు తెలియంది ఏదైనా ఉందంటే నేను నమ్మేదాన్ని కాదు.

మా ఊరు కుసుంపుట్టు. పాడేరుకి పన్నెండు కిలోమీటర్లు. రాజ్‌మా లారీ మా ఊరికి వచ్చేది కాదు. అంత లోపలికి ఖాళీ లారీ తిప్పితే గిట్టదని కంపెనీ మాట. కాబట్టి మావాళ్ళే బస్తాలు కావిడి వేసుకుని సంతకి నడిచేవాళ్ళు. అక్కడ దళారి ఎంతంటే అంతకి ఇచ్చేసి వచ్చేవాళ్ళు. పన్నెండు కిలోమీటర్లు మోసుకొచ్చిన బస్తాని మళ్ళీ పన్నెండు కిలోమీటర్లు మోసుకుపోతామని ఎవరు బెదిరించగలరు? మా పైన కొండ మీద తాడిగుమ్మి వాళ్ళయితే ఇంకా దూరం నుంచి రావాలి. మా చుట్టుపక్కల గింజలన్నీ చాలావరకు ఆ కొండ మీదే పండుతాయి.

నేను ఆలోచించింది చాలా చిన్న సంగతి. రెండు కంపెనీలకూ ఒక్క లారీ చాలు. గురువారం సరుకు వేసుకుని ఎక్కుతుంది. దింపుతుంది. శుక్రవారం పొద్దున్న మా ఊరి దాకా వచ్చి, ఊళ్ళో కొట్టు సరుకు కూడా దింపి, గింజలు వేసుకుని దిగుతుంది. డీజిల్ చెరిసగం. ఇంత తేలిక విషయం పెద్ద పెద్ద కంపెనీలకి ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరుకు పంపే వరాహ ఏజెన్సీస్ వరహాలరావు గారినీ, మా కంపెనీ కొనుగోలు ఆఫీసరు రామారావు గారినీ పాడేరు బస్టాండు పక్క టీ కొట్లో ఒకే బెంచీ మీద కూర్చోబెట్టడానికి నాకు నెల పట్టింది. కూర్చున్నాక ఇద్దరూ వియ్యంకుల్లా మొహాలు చెరో వైపు తిప్పుకున్నారు. గింజల బస్తాల మట్టి తన బిస్కెట్ డబ్బాలకి అంటుతుందని ఒకాయన. సబ్బుల వాసన తన గింజలకి పడుతుందని ఇంకొకాయన. డబ్బాలు దిగాకే కదండీ బస్తాలెక్కేది, మట్టి ఎలా అంటుతుంది, తర్వాత ఊడ్చి పంపే పూచీ నాది అన్నాను. వాసన సంగతికి, రాత్రంతా టార్పాలిన్ తీసి పెడితే మా చలిగాలికి సబ్బు వాసన సరే, డ్రైవర్ పైడయ్య బీడీ వాసన కూడా ఉండదన్నాను. పైడయ్య పక్కనే టీ తాగుతున్నాడు. అతను నవ్వితే వాళ్ళిద్దరూ నవ్వారు.

రామారావు గారు మంచివాడే గాని లెక్క మనిషి. మూడు శుక్రవారాలు చూస్తామన్నాడు. ట్రిప్పుకి కనీసం ఎనభై బస్తాలు ఉండాలి. రెండు శుక్రవారాలు తక్కువ పడితే ఏర్పాటు రద్దు. అప్పుడు మీ వైపుకి ఎవరూ లారీ తిప్పరు, మళ్ళీ నన్ను అడగొద్దు అని ఖచ్చితంగా చెప్పాడు. ఎనభై కాదు, నూట ఎనభై కట్టిస్తానన్నాను.

ఇంటికెళ్ళి చర్చి వాళ్ళిచ్చిన క్యాలెండర్ గోడ మీంచి తీసి, ఎర్ర పెన్సిల్‌తో శుక్రవారాలు చుట్టాను. ఆదివారం ఎవరికీ పని పడకుండా, క్రిస్మస్ వారం అడ్డు రాకుండా చూసుకున్నాను. ఎవరి బస్తాలు ఎక్కడ పెట్టాలో, ఎవరు ముందు ఎక్కించాలో కాగితం మీద రాసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటి శుక్రవారం లారీ మా ఊళ్ళోకి వచ్చింది. రామారావు గారు కూడా పైడయ్య పక్కన కూర్చుని వచ్చాడు. మా వరండాలో పదకొండు బస్తాలు ఉన్నాయి. మావి, మా చర్చి సంఘంలోని మరో అయిదు ఇళ్ళవి. అంతే. ఇంకెవరూ రాలేదు. ఊరంతా ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ప్రతి ఇంటి గుమ్మం వెనక కట్టిన బస్తాలు కనిపిస్తూనే ఉన్నాయి.

పక్కింటి యర్రమ్మ చిన్న కొట్టు నడుపుతుంది. లారీ లోంచి తన ఉప్పు బస్తా దింపించుకుంటోంది. ఏమైందని ఆమెని అడిగాను.

"సిక్కుడు కొత్త అవనేదు గదా గుంటా. కొత్త అవకుండా గింజ పొలిమేర ఎలా దాటుతాది?" అంది, పిచ్చిదాన్ని చూసినట్టు చూసి.

మా కొండల్లో కొత్త పంట ఏది వచ్చినా ముందు ఊరి దేవతకి పెట్టి, పండగ చేసుకుని, తర్వాతే తింటారు. అంతవరకు గింజ నోట్లో వేసుకోరు, అమ్మరు. దాన్నే కొత్త అంటారు. మా తాతలకి రాజ్‌మా పేరే తెలియదు, కాబట్టి దానికి కొత్త ఏమిటని కొన్నేళ్ళ కిందట ఊళ్ళో ఒక వాదం నడిచింది. గింజ సిక్కుడు గింజే, సిక్కుడు కొత్తే దానికీ అని పెద్దలు తేల్చేశారు. ఇదంతా నాకు తెలుసు. మా ఇంట్లో కొత్త చెయ్యరు కనుక నాకు గుర్తు రాలేదు. క్రిస్మస్ గుర్తుంది, ఆదివారాలు గుర్తున్నాయి. ఊరు ఊరంతా ఎదురుచూసే పండగ మాత్రం నా క్యాలెండర్‌లో లేదు. సిగ్గేసింది.

పదకొండు బస్తాల కోసం తాడు బిగించడం దండగన్నాడు రామారావు గారు. "ఇంకొక్క శుక్రవారం అమ్మాయ్" అని లారీ ఎక్కేశాడు. లారీ మలుపు తిరిగే దాకా నేను అక్కడే నిలబడ్డాను.

కొత్తకి రోజు పెట్టేది దిసారి. పండగలకీ పెళ్ళిళ్ళకీ విత్తులు చల్లడానికీ మంచి రోజు చెప్పే పెద్దని మా వైపు దిసారి అంటాం. కుసుంపుట్టు, వలసగెడ్డ, తాడిగుమ్మి మూడూళ్ళకీ దిసారి భీమన్న. ఆయన మా నాన్నకి స్వయానా అన్న. అక్కడే వచ్చింది చిక్కు.

పన్నెండేళ్ళ కిందట మా నాన్న బాప్తిస్మం తీసుకుని ఏసుదానం అయ్యాడు. దానికి పెదనాన్న ఏమీ అనలేదు. ఎవడి మొక్కు వాడిదన్నాడు. ఆ చలికాలమే సువార్త సభకి వచ్చిన వాళ్ళకి నాన్న కొత్త కాకుండానే చిక్కుడు గింజలు వండి పెట్టాడు, తానూ తిన్నాడు. అది మాత్రం పెదనాన్న మింగలేకపోయాడు. గొడవ పడలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మెతుకు ముట్టలేదు, అంతే. ఎద్దు తప్పిపోతే చెప్పుకునేవాళ్ళు. గెడ్డ వాగు నీళ్ళు వంతుల వారీగా పెట్టుకునేవాళ్ళు. పక్కపక్కన పొలాలు, రోజూ మొహాలు చూసుకునేవాళ్ళు. ఒకరింట్లో ఒకరు తినరు. నాన్న సంఘపెద్ద అయ్యాక ఆ సంగతి ఇంట్లో ఎత్తడం కూడా మానేశాం.

నేను వెళ్ళేసరికి పెదనాన్న వాకిట్లో కూర్చుని బుట్టకి వెదురు చీలుస్తున్నాడు.

"లారీ కాళీగా ఎల్లిపోనాదట" అన్నాడు తలెత్తకుండా.

"ఎల్లిపోనాది పెదనాన్నా. తప్పు నాదే."

తప్పు ఒప్పుకునే అలవాటు నాకు లేదని ఆయనకి తెలుసు. కత్తి పక్కన పెట్టాడు.

"రోజు ముందుకి జరపమంతావు గావాల. అది నా సేతిలో నేదు. సెంద్రుడి సేతిలో ఉంది. వచ్చే సోమవారం మన ఊరికి కొత్త. పై సోమవారం వలసగెడ్డకి. ఆ పై సోమవారం తాడిగుమ్మికి."

నేను భయపడిందీ అదే. మా ఊళ్ళో ముప్పై బస్తాలకు మించి లేవు. వలసగెడ్డలో యాభై చిల్లర. ఒక్క తాడిగుమ్మిలోనే తొంభై దాకా ఉన్నాయి. కొత్త కిందనుంచి మొదలైతే వచ్చే శుక్రవారం లారీ మళ్ళీ సగం కూడా నిండదు. తాడిగుమ్మి వంతు వచ్చేసరికి లారీయే ఉండదు.

"రోజు జరపొద్దు" అన్నాను. "సోమవారం సోమవారమే. ఊరు మార్సు. ముందు తాడిగుమ్మికి ఇయ్యి."

ఆయన చీల్చిన వెదురు బద్దలు ఒక్కొక్కటీ పక్కకి పేర్చాడు. అమ్మవారి రాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నాయి. మూడూళ్ళకీ మాది పెద్ద ఊరు. కొత్త ఎప్పుడూ మా ఊళ్ళోనే మొదలు. నేను అడిగింది చిన్న మాట కాదని నాకు అప్పుడు తెలిసింది.

"పెద్దోడు ఆకర్న తింతాడేటే?" అన్నాడు.

"పెద్దమ్మ మీ అందరికీ పెట్టీసి ఆకర్న తింతాది. ఆవిడ సిన్నదా?"

లోపల పెద్దమ్మ సోములమ్మ చాటతో చెరుగుతోంది. ఆ చప్పుడు ఠక్కున ఆగింది. తర్వాత ఆవిడ గట్టిగా నవ్వింది. పెదనాన్న లోపలికి ఒకసారి చూసి, గడ్డం గోక్కున్నాడు.

"నాను మూడూళ్ళకి దిసారిని. నువ్వు లారీకి దిసారివి అయిపోనావు" అన్నాడు. "సరే. తాడిగుమ్మికే ముందిత్తాను. ఆదివారం నానే ఎక్కుతాను. ఒక్క మాట. మన ఊరి రోజు ఆకర్న వత్తాది. అంతదాకా మన ఊరి గింజ ఒక్కటి పొలిమేర దాటకూడదు. మీ వరండాలో ఉన్న పదకొండు బస్తాలూ కూడా. మీ అయ్యకి సెప్పు."

ఇంటికి నడుస్తూ నాన్నకి ఎలా చెప్పాలా అనుకున్నాను. పెదనాన్నని ఒప్పించడం తేలిక అని కాదు. ఆయన కనీసం మాటకి మాట చెప్తాడు. నాన్న మౌనంగా ఉంటాడు, ఆ మౌనంతోనే నాకు చావు.

మర్నాడు పొద్దున్న నాన్న పొలం కంచె కడుతుంటే వెళ్ళి చెప్పాను. పుల్ల పుల్లా గుచ్చుతూ విన్నాడు. ఆగమంటున్నది లారీ కోసమా, కొత్త కోసమా అని అడిగాడు. లారీ కోసమైతే వేరు, కొత్త కోసమైతే తన నమ్మకం వేరన్నాడు.

"నువ్వు దేని కోసం ఆగినా బస్తాలకి తెలీదు గదా నాన్నా" అన్నాను.

ఆయన నవ్వలేదు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆదివారం ప్రార్థనలో ఆ అయిదు ఇళ్ళవాళ్ళూ ఆయన మొహమే చూశారు. ఆయన వాళ్ళకీ ఏమీ చెప్పలేదు. అదే ఆదివారం పెదనాన్న కర్ర పుచ్చుకుని, భుజాన గోనె కప్పుకుని తాడిగుమ్మి కొండెక్కడం మా చర్చి కిటికీలోంచి కనిపించింది. అరవై దాటిన మనిషి. నాన్న కూడా చూశాడు. పాట మధ్యలో ఒక చరణం వదిలేశాడు.

రెండో శుక్రవారం మంచు విడవకముందే తాడిగుమ్మి వాళ్ళు దిగడం మొదలుపెట్టారు. ముందు కావిళ్ళు, వెనక తలల మీద మూటలతో ఆడవాళ్ళు. దారి కనిపించడం లేదు. మాటలు మాత్రం ముందు వినిపించేవి, తర్వాత మనిషి వచ్చేవాడు. అందరికంటే వెనక పెదనాన్న వచ్చాడు, కాళ్ళకి బురదతో. లారీ వచ్చే సరికి తొంభై మూడు బస్తాలు రోడ్డు పక్క వరసగా ఉన్నాయి.

రామారావు గారు దిగి, వరస ఈ చివరనుంచి ఆ చివరికి నడిచి, మళ్ళీ వెనక్కి నడిచాడు. నా వైపు చూసి తలాడించాడు. నేను మాత్రం ఇదంతా నాకు ముందే తెలుసన్నట్టు మొహం పెట్టాను.

బస్తాలన్నీ ఎక్కాక పైన ఇంకా చోటు మిగిలింది. రామారావు గారు మా వరండా వైపు చెయ్యి చూపించి ఆ పదకొండూ కూడా వేసెయ్యండి అన్నాడు. మా సంఘంలోని షాలోమ్ వెంటనే ఒక బస్తా భుజానికెత్తుకున్నాడు. లారీకి అవతలి పక్క పెదనాన్న, పైడయ్యతో పాటు తాడు లాగుతున్నాడు.

"దించు షాలోమ్" అన్నాడు నాన్న. గట్టిగా అనలేదు. "ఇవి మా ఊరి రోజు అయినాక వత్తాయి సార్."

రామారావు గారికి అర్థం కాలేదు. "మీరు క్రిస్టియన్సు కదండీ. మీకేంటి ఆ పట్టింపు?"

"అవునండి" అన్నాడు నాన్న. "ఊరు కూడా మాదే గదండి."

షాలోమ్ బస్తా దించేశాడు. నేను అవతలికి చూశాను. పెదనాన్న ఇటు తిరగలేదు. తాడు మీద ఆయన చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఆగింది. పైడయ్య "బేగి లాగు మావా, పొద్దెక్కిపోతంది" అంటే మళ్ళీ లాగాడు.

మూడో శుక్రవారం సంగతి ముందే చెప్పేస్తాను. మావి, వలసగెడ్డవి కలిపి ఎనభై నాలుగు బస్తాలు దిగాయి. రెండు ఊళ్ళకీ ఒకే వారం ఎలా కుదిరిందంటే, సోమవారం వలసగెడ్డకి, గురువారం మాకు రోజు పెట్టాడు పెదనాన్న. సోమవారం తప్ప ఒప్పుకోని చంద్రుడు గురువారానికి ఎలా ఒప్పుకున్నాడని నేను అడగలేదు. నాకు అంత నోరున్నా ఎక్కడ మూసుకోవాలో తెలుసు. ఆ ఏర్పాటు తర్వాత కూడా నడిచింది. ఏటా లారీ కాగితం రాసే ముందు నేను పెదనాన్న వాకిట్లో కూర్చునేదాన్ని. ఆయన రోజులు చెప్పాకే పాడేరు వెళ్ళి రెండు కంపెనీలకీ ఫోను చేసేదాన్ని. వరహాలరావు గారు మా కొత్త ఎప్పుడని తనే అడిగే రోజు వచ్చింది. గొప్ప చెప్పుకోవాలంటే ఇంకా చాలా ఉంది.

కాని ఆ చలికాలం అంటే నాకు గుర్తొచ్చేది లారీ కాదు. మా ఊరి కొత్త జరిగిన గురువారం.

పొద్దున్నే అమ్మవారి రాళ్ళ దగ్గర డప్పులు మోగాయి. మేం ఇంట్లోనే ఉన్నాం. నాన్న వరండాలో బస్తాల మూతులు కుట్టినవే మళ్ళీ చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం డప్పులు ఆగాయి. కాసేపటికి పెదనాన్న మా గుమ్మం ముందు నిలబడ్డాడు, ఒక్కడే, ఉత్త చేతులతో. తల స్నానం ఇంకా ఆరలేదు.

అమ్మ లేచి నిలబడింది. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు.

"రత్నాలూ" అన్నాడు పెదనాన్న. "మేవు మొక్కిన కూడు తేనేదు. అది మీకు సెల్లదని తెలుసు. మీ సేలో గింజలే, మీ కుండలోనే వొండు. తిని పోతాను."

వాళ్ళ పన్నెండేళ్ళు ఎంతసేపట్లో పోయాయో నేను చెప్పలేను. అమ్మ లోపలికి పరుగెత్తింది. నాన్న కుట్టిన బస్తాల్లో ఒకదాని మూతి విప్పి, దోసిలితో గింజలు తీసి చాటలో పోశాడు. గింజలు ఉడకడానికి చాలాసేపు పట్టింది. అన్నదమ్ములిద్దరూ చెరో బస్తా మీద కూర్చున్నారు. గెడ్డకి ఈ ఏడు నీరు తగ్గిందన్నాడు ఒకాయన. తగ్గిందన్నాడు ఇంకొకాయన. పెదనాన్న ఎద్దుకి కాలు బెణికిందట. నాన్న ఏదో ఆకు చెప్పాడు. నేను గుమ్మం పక్క నిలబడి, నోరు మూసుకుని విన్నాను. అంతసేపు నేను మాట్లాడకుండా ఉండడం మా ఇంట్లో అదే మొదలు.

అమ్మ విస్తళ్ళు వేసింది. గింజల కూర, సామల అన్నం. నాన్న కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. పెదనాన్న చెయ్యి కడుక్కుని, ఆయన కళ్ళు తెరిచే దాకా ఆగాడు. తర్వాత ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. మేం ముగ్గురం ఆయన గొంతు వైపే చూస్తున్నాం.

మింగాడు. ఇంకో ముద్ద కలిపాడు. ఆగి, నాన్న వైపు చూశాడు.

"ఉప్పు సాల్నేదురా."

నాన్న కూడా తిని చూశాడు. "సాల్నేదు" అన్నాడు.

అమ్మకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. పండగని ఊరంతా కొనేయడంతో యర్రమ్మ కొట్లో ఉప్పు నిన్ననే అయిపోయింది. డబ్బా అడుగున గీకి వేసింది అమ్మ. అంతకంటే ఇంట్లో లేదు.

"రేపు లారీలో వత్తాది పెదనాన్నా" అన్నాను నేను.

ఆయన విస్తట్లో ఉన్నదంతా దగ్గరకి లాక్కున్నాడు.

"అయితే రేపూ వత్తాను" అన్నాడు.